గాజుపెట్టెలో పడుకున్న ఆమె

సౌదీలోని తాయిఫ్‌లో ఒక పెద్దింట్లో ముసలావిడకు నర్సుగా ఉండేదాన్ని. ఇంట్లో అందరిలాగే నేనూ ఆమెను ‘యుమ్మా’ అనే పిలిచేదాన్ని, అంటే అమ్మా అని. కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించడానికి కొడుకు ఆమెను యూరప్‌లో ఒక పాత నగరానికి తీసుకెళ్తూ నన్నూ వెంటబెట్టుకున్నాడు.

ఆపరేషన్‌కు ముందురోజు ఆమెను చక్రాల కుర్చీలో తిప్పుతుంటే వాన అందుకుంది. ఎదురుగా రాతిగోడలు నల్లబడిన పాత కథోలిక చర్చి.

“అది చర్చి, యుమ్మా.”

“పైకప్పు ఉందిగా. తొయ్యి.”

మాది గుంటూరు వైపు, పుట్టుకతో ఆర్‌సీఎం వాళ్లం, అంటే కథోలికులం. సౌదీలో చర్చిలుండవు, అక్కడికి వచ్చాక గుడి గడప తొక్కింది లేదు. మైనం, సాంబ్రాణి వాసన తగలగానే కళ్లు చెమర్చాయి. సిలువ గుర్తు వేసుకోబోయి, అలవాటైన భయంతో చెయ్యి దించేశాను.

లోపల ఎవరూ లేరు. ఓ పక్క పీఠం కింద గాజుపెట్టెలో ఒక కన్యాస్త్రీ భౌతికకాయం ఉంది. ఎప్పుడో పోయిన పునీతురాలు. మొహానికి మైనపు తొడుగు, కాళ్లకు నల్లబూట్లు. యుమ్మా కుర్చీ ఆపించింది.

“నిద్రపోతోందా?”

“లేదు. చనిపోయి చాలా కాలమైంది.”

“మరి మట్టి చెయ్యలేదేం? పిల్లలు లేరా ఈమెకు?”

“గౌరవంతో అలా ఉంచుతారు” అన్నాను. ఆమె వినిపించుకోలేదు. గాజు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఆ మొహాన్నే చూసింది. లోపలెక్కడో తలుపు మూసుకున్న చప్పుడైంది. ఉలిక్కిపడి నా మణికట్టు పట్టుకుంది.

“ఇక్కడ పోతే నన్నూ ఇలాగే పెట్టెలో పెడతారు, కాగితాలు వచ్చేదాకా.”

కాదనలేకపోయాను. గల్ఫ్‌లో పోయిన మనవాళ్ల శవాలు కాగితాల కోసం మార్చురీలో ఎన్నాళ్లు పడుంటాయో చూసినదాన్ని.

సాయంత్రం ఆమె ఆపరేషన్ వద్దంది. కొడుకు బతిమాలాడు, అరిచాడు. ఆమె కారణం చెప్పలేదు. వెనక్కి వచ్చేశాం.

విమానాశ్రయానికి వచ్చిన ఇంటి డ్రైవర్‌ది జగిత్యాల. అద్దంలోంచి ఆమెను చూసి గొంతు తగ్గించాడు. “పెద్దామె మొఖంల కళ లేదక్కా. ఏమైంది ఆడ?”

నెల తిరక్కుండానే పోయింది. పొద్దు వాలకముందే మట్టి చేసి వచ్చారు. పరామర్శలు ముగిశాక కొడుకు నన్ను పిలిచాడు.

“ఆ రోజు వానలో అమ్మను ఎక్కడికి తీసుకెళ్లావు?”

జరిగింది జరిగినట్టు చెప్పాను.

“ఆపరేషన్ చేయిస్తే బతుకుతుందనే చెప్పాడు డాక్టర్” అన్నాడు. అంతే, లేచి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. కిటికీ కిందికి వచ్చి డ్రైవర్ మెల్లగా అన్నాడు: “నిన్ను యాడికీ తీస్కపోవద్దన్నడక్కా సారు. ఎందుకో చెప్తలేడు. సామాన్ సదురుకొని ఉండు.”

నా పాస్‌పోర్టు కొడుకు దగ్గరే ఉంది. చివరికి ఎగ్జిట్, అంటే దేశం వదిలి వెళ్లే అనుమతి, వేయించాడు. అది చేతికొచ్చేదాకా గేటు దగ్గర కారు ఆగినప్పుడల్లా పోలీసులేమోనని లేచి నిలబడేదాన్ని.