బరువు తగ్గని వేసవి

ఈ పొద్దున ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. గనుల ఊరు కిరందుల్‌లో ఉండే మా చెల్లెలి కూతురు బడి ఫుట్‌బాల్ జట్టు బనీను వేసుకుని, చంకలో బంతి పెట్టుకుని నవ్వుతోంది. బుగ్గలు ఎప్పటిలాగే బూరెలు. కిందటేడు ఆ బుగ్గల మీద మా బంధువుల్లో జరిగినంత చర్చ, మా మద్దేడ్ పంచాయతీలో రోడ్డు గురించి కూడా జరగలేదు.

అప్పుడు దానికి పద్నాలుగేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. బరువు తగ్గి వస్తే జట్టు సంగతి చూద్దామని ఆటల మాస్టారు అన్నారట. పిల్ల అన్నం మానేసి ఏడుస్తూ కూర్చుంది. వాళ్ల నాన్న, అంటే మా మరిది, ఖనిజం లారీలను తూచే కాంటా దగ్గర ఉద్యోగి. దేన్నైనా కాంటా ఎక్కిస్తేనే ఆయనకు నమ్మకం. సెలవులివ్వగానే కూతుర్ని మా ఇంట్లో దింపి, తీపి పెట్టొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు. మా అత్తమ్మ బుద్ధిగా తలూపింది. ఆయన బండి మలుపు తిరగకముందే పిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

అవి బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. మా వాడంతా తెల్లవారుతూనే అడవికి పోయి, ఎండ ముదిరేలోగా ఆకు మూటలతో తిరిగొస్తుంది. పిల్ల కూడా మా వెంట బయల్దేరింది. మొదటి రోజు గుట్ట సగంలోనే ఓ రాయి మీద కూలబడింది. పక్కనే నేనూ కూలబడ్డాను. నేను చీపురుపుల్లలా ఉంటాను కాబట్టి నా ఆరోగ్యం మీద ఎవరికీ అనుమానం రాలేదు, నాకైతే అసలే రాలేదు. ఇద్దరం ఒకేలా రొప్పుతుంటే, డెబ్బై దాటిన అత్తమ్మ పైనుంచి అడిగింది: "ఏందే, ఇద్దరు ముసలమ్మలు ఆడ్నే కూసుంటరా, పైకొస్తరా?"

కొన్నాళ్లకి ఆ రాయి దగ్గర ఆగడం మానేశాం. పిల్ల ముందు నడుస్తూ, వాడ పిల్లలతో వచ్చీరాని గోండీలో కబుర్లాడుతూ, మధ్యలో హిందీ పాటలు అందుకునేది. గుట్ట ఎక్కుతూ పాడగలుగుతోందంటే ఊపిరి కుదిరినట్టే. ఇంటికొచ్చాక అంబలి, అన్నం, మామిడికాయ పచ్చడి. అది తింటుంటే చూసేవాళ్లకి కడుపు నిండేది.

తీసుకెళ్లడానికి వచ్చిన మరిది డిక్కీలోంచి బరువు చూసే మిషను తీశాడు. వాకిట్లో పెట్టి ఎక్కించాడు. దింపి మళ్లీ ఎక్కించాడు. అరకిలో కూడా తగ్గలేదు. ఆయన ముఖం వాడిపోయింది, పిల్ల కళ్లనిండా నీళ్లు. కాసేపటికి అదే తేరుకుని అడిగింది: "నాన్నా, లారీ ఘాట్ రోడ్డు ఎక్కుద్దో లేదో మీ కాంటా చెప్తుందా?"

ఆయన మిషనుని తీసి డిక్కీలో పెట్టేశాడు. బడి తెరిచాక, పిల్లను ఒక్కసారి పరుగెత్తనివ్వమని మాస్టారిని బతిమాలింది ఆయనే. రెండు గీతల మధ్య ఈల ఈలకీ అటూ ఇటూ పరుగెత్తాలి. పోనుపోను ఈలలు దగ్గరపడతాయి, అందుకోలేనివాళ్లు తప్పుకోవాలి. నేను వీడియో కాల్‌లో చూస్తున్నాను. సన్నటి పిల్లలు నడుం పట్టుకుని ఒక్కొక్కరే పక్కకి పోయారు. మాది ఎర్రగా కందిపోయి ఇంకా పరుగెడుతూనే ఉంది. చివరికి ఇద్దరే మిగిలారు. ఆ తర్వాత ఫోనులో మరిది చెప్పులు మాత్రమే కనిపించాయి, అవి గంతులేస్తున్నాయి.

"వదినా, జట్టులోకి తీసుకున్నారు" అన్నాడు, కూతురికన్నా ఎక్కువ రొప్పుతూ.

నాకు పట్టలేనంత సంతోషం వేసింది. యాభై దాటాక ఏళ్లు మననుంచి తీసుకుపోవడమే తప్ప ఇచ్చేదేమీ ఉండదనుకునేదాన్ని. ఆ వేసవి మాత్రం పిల్లకి ఊపిరినిచ్చి, వెళ్లిపోయిందనుకున్న నా వయసులో కాస్త నాకు తిరిగిచ్చింది.