ఎల్లారావు దాచిన పరీక్ష

సంతానం లేని ఇంట నేరం ఎవరిదో మన పెద్దలు సాక్ష్యం లేకుండానే తేలుస్తారు. 1974 వేసవిలో కొల్లేటి ఒడ్డున జరిగిన కులపంచాయితీలో నాంచారమ్మను ఇరవై ప్రశ్నలడిగారు. ఆమె భర్త ఎల్లారావును ఒక్కటీ అడగలేదు.

అడిగితే అతని దగ్గర జవాబుంది. పెళ్ళికి ఏడాది ముందు, ఇరవై రెండేళ్ళ వయసులో, అతనికి గవదబిళ్ళలు వచ్చాయి. దవడల వాపు తగ్గుతుండగా వృషణాలు వాచాయి. పది రోజులు జ్వరంతో మంచం దిగలేదు. వరిబీజమనుకుంది తల్లి మంగాయమ్మ. బోదకాళ్ళ ఊరు, అక్కడ ఆ వాపు ఎవరికీ వింత కాదు. తగ్గింది, మరిచిపోయారు. నిరుడు చేపల బుట్టలతో బెజవాడ వెళ్ళినప్పుడు అతను రహస్యంగా పరీక్ష చేయించుకున్నాడు. డాక్టరు ఆ గవదల సంగతే గుచ్చిగుచ్చి అడిగి, ఇక బిడ్డలు పుట్టరని చెప్పాడు.

"ఆరేళ్ళు చూశాం. పిల్లను పంపించేసి, వీడికి మళ్ళీ చేద్దాం. ఏమంటావు మంగాయమ్మా?" అన్నాడు కులపెద్ద పుల్లయ్య.

"ఏమంటానన్నా! గొడ్డు గేదెనైతే రెండేళ్ళకే సంతకు తోలేవాళ్ళం."

కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన నాంచారమ్మ తండ్రి తల దించుకున్నాడు. ఎల్లారావు లేచాడు.

"లోపం నాది. అప్పట్లో నాకు వాచింది చూడండి, దానివల్లే."

పుల్లయ్య పకపకా నవ్వాడు. "ఎవుడికి లేదురా వాపు? నాకూ ఉంది, ఆరుగుర్ని కన్నా!"

"అది వరిబీజం కాదు మావయ్యా, గవదలు దిగినయ్యి. బెజవాడలో పరీక్ష చేశారు. నాకు పిల్లలు పుట్టరంట."

నవ్వులు ఆగిపోయాయి. "నోర్ముయ్యరా, నలుగుర్లో!" అంది మంగాయమ్మ. పుల్లయ్య కండువా దులిపి లేచాడు. "అట్టయితే తగువే లేదు. పిల్ల ఇక్కడే ఉంటది."

గెలిచాననుకున్నాడు ఎల్లారావు.

"ఆ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు మావా?" అంది నాంచారమ్మ.

"నిరుడు... వైశాఖంలో."

"ఆషాఢంలో మీ అమ్మ నాకు పిల్లలు పుట్టాలని పసరు పోసింది. మూడ్రోజులు కడుపు పట్టుకుని నేలమీద పొర్లాను. గిన్నె పట్టుకుంది నువ్వే."

"పసరు తాగితే అయినా అమ్మ ఊరుకుంటదని..."

"పెద్దలు పంపితే ఏడ్చేదాన్ని. ఇప్పుడు నేనే పోతన్నా."

ఆమె వెళ్ళి తండ్రి దోనెలో కూర్చుంది. ఎల్లారావు మోకాటిలోతు నీళ్ళలో దిగి దోనె అంచు పట్టుకున్నాడు. తండ్రి గెడ ఎత్తి ఆగాడు.

"వదులు" అంది నాంచారమ్మ.

అతను వదిలాడు.