తట్టెడు మన్ను

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని జనగామలో మా ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నానో లేదో, మా చెల్లెలి కొడుకు ఊరి నుంచి ఫోనులో ఒక ఫొటో పంపాడు. దంతాలపల్లి దగ్గరి మా ఊళ్లో, మా వాడ నుంచి సమాధుల తోట దాకా కొత్తగా పోసిన సిమెంటు రోడ్డు, దాని మొదట్లో నల్లరాతి శిలాఫలకం, ఆ ఫలకం మీద బంగారు రంగు అక్షరాలతో దారికి స్థలమిచ్చిన దాత పేరు. ఆ పేరు మా ఊళ్లో అందరికంటే ఎక్కువ భూమి ఉన్న పటేలుది. చదివి కంచం పక్కకు నెట్టాను.

పటేలు ఇచ్చాడట! కోపం తెచ్చుకోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపిన మనిషిని నేను, అయినా ఆ దారి ఎవరిచ్చారో నా ఈడు వాళ్లకైనా చెప్పుకోకపోతే ఈ కోపం నన్ను నిద్రపోనివ్వదు.

మా వాడంతా మూడు తరాలుగా యేసును నమ్ముకున్న ఇళ్లే. మా సమాధుల తోట పటేలు పొలాలకు అవతల ఉంది, మధ్యలో ఒక గట్టు. మా నాయిన చిన్నతనంలో ఆ గట్టు మీద ఎడ్లబండి పోయేదట. నాట్లకు ముందు గట్లు చెక్కడం ఏ రైతైనా చేసే పనే కానీ, పటేలు జీతగాళ్లు చెక్కిన ప్రతిసారీ పార ఇంకొంచెం లోపలికి దిగేది, గట్టు సన్నబడేది, పొలం పెరిగేది. నాకు బుద్ధి తెలిసేనాటికి అడుగు ముందు అడుగు వేసుకుంటూ ఒక్క మనిషి పోయేంత చోటు మిగిలింది. మేమేమో చనిపోయినవాళ్లను పెట్టెలో పెట్టి మోసేవాళ్లం, పెట్టెకు అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ ఉండాలి, అందుకని మోసేవాళ్లు మోకాళ్ల దాకా బురదలో దిగాల్సి వచ్చేది. మా నాయినమ్మ పెట్టె అలా మోస్తుండగానే ఒక పక్కకు ఒరిగిందని నాయిన బతికినంత కాలం బాధపడ్డాడు. ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం వేయడానికి పోయిన ప్రతి ఏడూ, సున్నం బకెట్టుతో ఆ గట్టు మీద తూలుతూ, "నన్నన్నా పొడి కాళ్లతోని మోయుండ్రిరా" అనేవాడు. ఆయన జీవితంలో నన్ను కోరింది అదొక్కటే.

మేం దరఖాస్తు ఇవ్వని ఆఫీసు లేదు. ఆఫీసులో ఓపిక పట్టమన్నారు. సంఘ పెద్ద అయిన మా పెదనాయిన దేవుని సమయం కోసం కనిపెట్టుకొని ఎదురుచూడమన్నాడు. తెలంగాణ ఉద్యమం జోరందుకున్నాక ఊరి నాయకులు, రాష్ట్రం రానివ్వండి, అన్ని దార్లూ అవే వస్తాయన్నారు. ఓపిక అనేది మా వాడలోనే పండుతుందని అనుకున్నారేమో, వచ్చిన ప్రతివాడూ మమ్మల్నే అడిగాడు. నేనప్పుడు జనగామలో బస్సు కండక్టరును. సిగ్గు విడిచి చెబుతున్నాను, సెలవుకు ఊరికి పోయినప్పుడల్లా మా నాయినకు నేనూ ఆ మాటే చెప్పి వచ్చేవాణ్ణి.

రిలే నిరాహార దీక్షలు నడుస్తున్న రోజుల్లో ఒకనాడు మా సంఘం వంతు వచ్చింది, నేనూ సెలవు పెట్టి పోయాను. టెంటు కింద పొద్దంతా పాటలు పాడుకుంటూ, రాష్ట్రం కోసం ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాం. సాయంత్రం మాకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసింది పటేలే. తరతరాలుగా మా చేతి నీళ్లు ముట్టని ఇంటి మనిషి స్వయంగా గ్లాసు అందిస్తుంటే మా ఆడవాళ్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మైకు అందుకొని, "తెలంగాణ బిడ్డలమంత ఒక్కటే. మీ సమాధుల తొవ్వకు నాది పూచి, ఇగ మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఆ రాత్రే ఒక కాయితం రాయించుకుందామని నాయిన అంటే పెదనాయిన ఒప్పుకోలేదు. "మనం మాట మీద బతికెటోళ్లం. కాయితం అడిగితే మనకు విశ్వాసం ఉన్నట్టా?" అన్నాడు. ఇది మా బోటి భక్తిపరులు మాత్రమే చేయగల తప్పు. దేవునికి చూపించాల్సిన నమ్మకాన్ని తీసుకుపోయి పటేలుకు చూపించాం. మరుసటి వానకాలం నాట్లకు ముందు జీతగాళ్లు ఎప్పటిలాగే పారలు పట్టుకొని వచ్చి గట్టును ఇంకో జానెడు చెక్కారు.

ఆ ఏడే, బస్సులూ ఆఫీసులూ బడులూ అన్నీ బందై అందరూ సమ్మెలో ఉన్నప్పుడు, మా నాయిన పోయాడు. దొరికిన లారీ పట్టుకొని నేను ఊరు చేరాను. మరిపెడలో చేయించిన పెట్టె ట్రాలీ ఆటోలో వచ్చింది. పొలంలో వరి పొట్ట మీద ఉంది, నిండా నీళ్లు. పెట్టె ముందుభాగం కుడిపక్క నేను పట్టాను. సగం దూరం పోయామో లేదో నా కాలు బురదలో జారింది, పెట్టె ఒరిగింది, దాని మూల బురదలో కూరుకుపోయింది. ముందు నడుస్తూ వెనక్కి తిరిగి చూసిన మా అవ్వ, అంటే మా అమ్మ, కెవ్వుమని ఏడ్చింది. సరిగ్గా అప్పుడు ఊరి మధ్య టెంటు నుంచి పటేలు గొంతు మైకులో వినిపిస్తోంది. మన భూమి, మన నీళ్లు, మన హక్కు అంటున్నాడు. ఆ మాటలన్నీ నేను మోకాలి లోతు బురదలో నిలబడి, నాయిన పెట్టెను పైకి లేపుతూ విన్నాను. ఇప్పటికీ మైకు కరకరమంటే నాకు కాళ్లు చల్లబడతాయి.

మూడో రోజు ప్రార్థన కూడిక అయిన మరునాడు అవ్వ తెల్లవారి ప్రార్థన చేసుకొని లేచి, మా ప్రార్థన గుడి పునాది తవ్వినప్పుడు వెనక కుప్పపోసిన ఎర్రమన్నును తట్టలోకి ఎత్తుకొని, గట్టు మీద పోసి, కాలితో తొక్కి వచ్చింది. మర్నాడూ అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకవ్వా ఈ తిప్పలు, రాష్ట్రం రానీ, ఓపిక పట్టు అన్నాను. ఆమె తట్ట కింద నెత్తి మీది చుట్టకుదురు సర్దుకుంటూ, "ఓపిక లేకనా బిడ్డా? ఓపికతోనే పోస్తున్న గద, దినాం ఒక తట్ట" అంది.

నెల తిరక్కుండానే పటేలు గట్టు మీదికి వచ్చి, నా పొలంల మన్ను పోసుడేందని గద్దించాడు. అవ్వ తట్ట దించి దండం పెట్టి, "టెంట్ల మీరు మాటిచ్చిండ్రు గద పటేలా. మీ మాట కూలిపోకుంట మన్ను పోస్తున్న" అంది. పక్క మిరప చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లంతా నడుములు ఎత్తి చూస్తున్నారు. ఉద్యమం రోజులు, ముందర ఎలక్షన్లు. ఆయన మీసం తడుముకొని వెళ్లిపోయాడు. పైవారం ఆరాధన కాగానే మా వాడ ఆడవాళ్లు తలా ఒక తట్ట ఎత్తుకున్నారు. ఆ తర్వాతి వానకాలం జీతగాళ్లు మళ్లీ చెక్కారు, వీళ్లు మళ్లీ పోశారు. గుడి వెనక కుప్ప అయిపోతే అవ్వ మా వాకిట్లోనే తవ్వింది. మా వాకిలి జానెడు దిగి, గడప ఎక్కడానికి ఇంకో రాయి వేసుకోవాల్సి వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. పటాకులు కాలాయి, పటేలు ఊరేగింపు ముందు నడిచాడు. దారికి కాయితం రాలేదు. అవ్వ తట్ట దించలేదు. ఇంకో మూడేళ్లకు ఆమె పోయేనాటికి ఆ గట్టు మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవొచ్చు.

శిలాఫలకం మీద ఆ ఆడవాళ్ల పేర్లు ఎందుకు లేవని మా కొత్త పాస్టరుకు ఫోను చేసి అడిగాను. మంచి పిల్లవాడు, పాపం. "జర ఓపిక పట్టుండ్రి అన్నా, తర్వాత రాయిపిద్దం" అన్నాడు. మళ్లీ అదే మాట. మా తరం వాళ్లం ఒక్కొక్కరమే ఆ తోటకే చేరుతున్నాం, తట్టలెత్తిన వాళ్లలో మిగిలింది ఇద్దరే, ఇప్పటి పిల్లలు ఆ రోడ్డు మీద బండ్లు జోరుగా తోలుకుంటూ పోతారు, కింద ఎవరి వాకిలి మన్ను ఉందో వాళ్లకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. అది ఒకందుకు సంతోషమే.

వచ్చే వారం రిబ్బను కత్తిరిస్తారట, నన్నూ వచ్చి స్తుతి ప్రార్థన చేయమన్నారు. నేను పోను. ఆ దారికి ప్రారంభం ఎప్పుడో అయిపోయింది, మా అవ్వను మోసుకుపోయిన ఆ పొద్దునే. పెట్టెకు అటు ఇద్దరం, ఇటు ఇద్దరం, గట్టు పొడుగునా పక్కపక్కనే నడిచాం. తోటలో పెట్టె దించాక నేను వంగి నా కాళ్లు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి.