బోణీకి పోయిన లిమెరిక్

దెయ్యాలున్నాయని నమ్మేవాడితో బేరం తేలిక అనేవాడు మా నాన్న. మలేషియాలోని సుంగై సిపుట్‌లో మా కొట్టు సగం అద్దెకే దొరికింది, లోపల ఎవరో తిరుగుతున్నారని యజమాని భయపడబట్టే. ముప్ఫై ఏళ్లలో మాకు తగిలినవి ఎలకలే. అలాంటి కొట్టులో పెరిగిన నేను దెయ్యాల్ని ఎలా నమ్ముతాను? ఇప్పుడు చెప్పబోయేది దెయ్యమో ఏమో కూడా నాకు తెలియదు.

ఆ కొట్టులోనే ఇప్పుడు పాత సామాన్లు అమ్ముతున్నాను. పోయినేడు ఒక ఎస్టేటు బంగళా పడగొడుతుంటే పెట్టెడు పుస్తకాలు కొన్నాను. వాటిలో ఒకటి ఐర్లండు ఊళ్లను వర్ణించే పాత ఇంగ్లీషు పుస్తకం. మొదటి కొన్ని తప్ప, దాని పేజీలన్నీ అంచుల దగ్గర మడతలు తెగకుండా అతుక్కునే ఉన్నాయి. ఆ కాలంలో కొన్నవాళ్లే కత్తితో తెంపుకుని చదివేవారట. అంటే అచ్చయినప్పటి నుంచి ఆ పేజీలు ఎవరూ చదవలేదు. పనికిరాని సరుకని ఆ వంకతోనే ధర దించాను. మడతలు తెగని పుస్తకానికే సేకరించేవాళ్లు ఎక్కువిస్తారని తర్వాత తెలిసి తెగ మురిసిపోయాను.

మా మేనత్త నరసమ్మ రోజూ పదింటికి కొట్టుకొచ్చి కూర్చునేది. బతుకంతా రబ్బరు చెట్లు గీసిన మనిషి. అక్షరం రాదు, పక్కనున్న ఈపో పట్నం దాటి ఎరగదు, కళ్లకు పొర కమ్మింది. ఆ రోజు బేరాల్లేక, లిమెరిక్ అనే ఊరి గురించి తెరిచి ఉన్న పేజీని ఆమెకు తెలుగులో చెబుతున్నాను. పెద్ద నది, నది మధ్య లంకలో పాత ఊరు, రాతి వంతెన.

"ఆ వంతెన సివర పెద్ద రాయి ఒకటుంటాదిరా అల్లుడా. దిమ్మ మీద పెట్టినారు," అంది.

పేజీలో రాయి లేదు. నవ్వుకుంటూ, గోనెసంచులు కోసే కత్తితో తర్వాతి మడత తెంపాను. రాయి ఉంది. దిమ్మతో సహా.

"నీకెవులు సెప్పినారత్తా?"

"ఎవులు సెప్తారు? అగుపిస్తంది. గుడి గోపురంలో గంటలున్నాయి. ఆటిని పోతపోసినోడు ముసిలోడైపోయి, పడవలో వస్తన్నాడు."

ఇంకో మడత తెంపాను. అదీ ఉంది. ఇటలీ మనిషి, యుద్ధంలో పోయిన తన గంటల్ని వెతుక్కుంటూ దేశాలు తిరిగి, ముసలితనంలో ఆ నదిమీద వస్తున్నాడు. అక్కడికి పేజీ అయిపోయింది. మిగతాది తర్వాతి మడత లోపల.

అత్త ముందుకు వంగింది. "ఒడ్డుకి సేరినాడేటిరా? అదొక్కటే అగుపించడం నేదు. సదువు."

అంత వింత కళ్లముందు జరుగుతున్నా, రెండు మడతలు తెంపి సరుకు పాడుచేశానన్న దిగులే నాది. "రేపు సదువుతాను లా," అని మలేషియా మాటతీరులో దాటవేసి పుస్తకం మూసేశాను.

మర్నాడు తలుపు తీయగానే ఒకాయన వచ్చి నేరుగా ఆ పుస్తకమే తీశాడు. బోణీ బేరాన్ని వెనక్కి పంపితే రోజంతా సరుకు కదలదని మా నమ్మకం. మా నాన్న ఒకసారి గోడ మేకుకు తగిలించిన తన గొడుగే బోణీకి అమ్మేసి, తడుస్తూ ఇంటికొచ్చాడు. దెయ్యాల్ని నమ్మను గానీ, బోణీని నమ్ముతాను. ఇచ్చేశాను.

పదింటికి అత్త వచ్చింది.

"బోణీకి పోయిందత్తా."

ఆమె కూడా కొట్టువాళ్ల ఆడపిల్లే. తిట్టలేదు. "మరి సేరినాడా?" అంది.

"సేరినాడు. తన గంటలు తనే మోగించినాడు," అని నోటికొచ్చింది అల్లాను.

"నీ తక్కెడ ఎప్పుడూ నీ వైపే మొగ్గుతాదిరా," అని లేచి వెళ్లిపోయింది.

మళ్లీ కొట్టుకు రాలేదు. నెల తిరక్కుండా ఆస్పత్రిలో చేరింది. చూడటానికి వెళితే నాతో అన్నది ఒక్కటే మాట: "ఇంకా నీళ్లమీదే ఉన్నాడురా, పాపం." మర్నాడు మధ్యాహ్నం పోయింది.

కర్మ అయ్యాక ఫోన్లో వెతికాను. ఆ ఊళ్లో చాలాకాలంగా చెప్పుకునే కథేనట. పడవ నది మధ్యలో ఉండగా గంటలు మోగాయి. ముసలాయన గోపురం వైపు చూస్తూ పడవలోనే ప్రాణం విడిచాడు. ఒడ్డు చేరలేదు, కానీ గంటలు విన్నాడు. ఆ ముక్క చెప్పినా అత్తకు సరిపోయేది.

ఎస్టేటు దొర ఎవరైనా ఆమెకు ఈ కథ చెప్పాడేమోనని అత్త పిల్లల్ని, ఆమెతో పనిచేసినవాళ్లని అడిగాను. బంగళా గేటు కూడా ఆమె దాటలేదన్నారు.

ఆమెకెలా తెలిసిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఒక్క మడత తెంపడానికి నా చెయ్యి ఎందుకు రాలేదో మాత్రం బాగా తెలుసు.