రూతు వంతు

బాలింత కదలకూడదంటారు. కృపావతికి చేతగాని పని లోకంలో అదొక్కటే. ఏడో కానుపుతో ఒళ్ళు నిజంగానే అలిసిపోయింది గానీ, చెవులు మాత్రం పడుకోనంటున్నాయి. పక్కలో పసివాడు పాలు తాగి నిద్రపోతే చాలు, ఆమె మెడ ముందు గది వైపు తిరిగేది. అక్కడ మిగిలిన ఆరుగురూ చాపల మీద కూర్చుని చదువుకుంటూ ఉంటారు. ఎవరి గొంతు తగ్గింది, ఎవరు ఎవర్ని గిల్లారు, నీళ్ళ వంకతో ఎవరు మాటిమాటికీ లేస్తున్నారు, అన్నీ గోడ ఇవతల నుంచే ఆమెకు తెలియాలి. తెలియకపోతే మంచం ముళ్ళకంపలా గుచ్చుకునేది.

డోన్‌లో రైలు పట్టాల అవతలి కాలనీలో వాళ్ళ ఇంటిని 'ఇంటిబడోళ్ళ ఇల్లు' అంటే ఎవరైనా చూపిస్తారు. భర్త వసంతకుమార్ నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారం మాత్రం పట్టాల ఇవతల అద్దె హాల్లో చిన్న సంఘానికి వాక్యం చెబుతాడు. పెద్దకూతురు షారోను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బళ్ళో ఎవరో టీచరు ఆ పిల్లను ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టింది. టీచరు ట్రైనింగ్ చదివిన నేను నా బిడ్డకు చెప్పుకోలేనా అని కృపావతి మర్నాటి నుంచే బడి మాన్పించింది. తర్వాత వసంతకుమార్ గుంటూరు సభలకు పోయి, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాలను చూసి వచ్చి, ఇది దేవుని పిలుపే అన్నాడు. అలా కోపంగా మొదలైనది పిలుపుగా స్థిరపడింది. పదో తరగతి వయసొచ్చాక ఓపెన్ స్కూల్లో పరీక్ష కట్టిస్తే సరిపోతుందనుకున్నారు. చుట్టాలు నవ్వారు. నవ్వేకొద్దీ కృపావతికి పట్టుదల పెరిగింది.

పిల్లలు పెరిగేకొద్దీ పద్ధతి దానంతటదే ఏర్పడింది. తల్లి మొదటి ఇద్దరికీ చెబుతుంది. రెండోవాడు మూడోవాడికి, మూడోవాడు గాబ్రియేలు నాలుగోదానికి, నాలుగోది ఆ కిందివాళ్ళకు. ట్యాంకరు దగ్గర బిందెలు చేతులు మారినట్టు చదువు పైనుంచి కిందికి చేతులు మారుతూ పోతుంది. అందరికీ మొదటి వాచకం బైబిలే. తెల్లవారి ప్రార్థనలో వంతులవారీగా ఒక్కొక్కరు ఒక భాగం చదవాలి, తప్పించుకోవడానికి లేదు. ఈ పద్ధతి చూసి పోవడానికి కర్నూలు నుంచి కూడా కొందరు వచ్చారు. వచ్చినవాళ్ళందరి ముందూ చదవమని నిలబెట్టేది నాలుగోదాన్నే. దాని పేరు రూతు. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎక్కడా తడబడదు, ఏ మాటనూ నమలదు. అది కీర్తన చదువుతుంటే సంఘంలో ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని వినేవారు. కృపావతి కొంగు సర్దుకుంటూ కిందికి చూసేది, లోపల గర్వం ఉంటే అది బయటికి కనపడకూడదని.

అలాంటి పిల్లను ఒకరోజు తల్లి, పసివాడి చుక్కలమందు సీసా ఇచ్చి, ఎన్ని చుక్కలు వెయ్యాలని రాసుందో చూడమంది. షారోను నీళ్ళకు పోయింది, తన కళ్ళేమో నిద్రలేక మసకలుగా ఉన్నాయి. రూతు సీసాను అటు తిప్పింది, ఇటు తిప్పింది. చిన్న అక్షరాలమ్మా, కనపడలేదు అని తిరిగి ఇచ్చేసింది.

ఇంకో ఇల్లయితే ఇంకేదో అనుకునేవాళ్ళేమో. ఆ ఇంట్లో మాత్రం పిల్లకు చూపు తగ్గిందనుకున్నారు. బైబిలు గడగడా చదివే పిల్ల మందుసీసా చదవలేకపోతే లోపం కళ్ళదే కదా. ఆ సాయంత్రమే వసంతకుమార్ రూతు కళ్ళ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, మర్నాడు కర్నూలుకు తీసుకుపోయి కళ్ళ డాక్టరుకు చూపించాడు. అక్కడ అక్షరాల బోర్డు ముందు పిల్ల నోరు తెరవలేదు. సిగ్గుపడుతోందని, పసిపిల్లలకు చూపించే బొమ్మల బోర్డు తెచ్చారు. చిట్టచివరి బొమ్మ దాకా టకటకా చెప్పేసింది. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయన్నాడు డాక్టరు. వసంతకుమార్ ఆనందం పట్టలేక ఆ ఆదివారమే సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు నా బిడ్డ చూపు బాగుచేశాడు, వచ్చే ఆదివారం పసివాడి ప్రతిష్ఠలో ఈ బిడ్డే వాక్యం చదువుతుంది అని ప్రకటించేశాడు.

ఆ ప్రతిష్ఠకు వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పసిబిడ్డను దేవునికి అప్పగించే రోజున, పైవాళ్ళలో ఒకరు అందరి ముందూ వాక్యం చదవాలి. అది తెల్లవారి ప్రార్థనల్లో ఎప్పుడూ చదవని భాగం అయ్యుండాలి. కొత్త బిడ్డకు కొత్త వాక్యం. ఈసారి వసంతకుమార్ యిర్మీయా గ్రంథంలోంచి ఒక అధ్యాయం ఎంచాడు. వంతు రూతుది.

కానుపుకు సాయంగా కమలాపురం నుంచి వచ్చిన కృపావతి తల్లి ఆ వారమంతా ఏదో మింగలేక కక్కలేక తిరిగింది. బాప్తిస్మంలో పెట్టిన పేరు రాహేలమ్మ అయినా ఊరూ ఇల్లూ పిలిచేది గిడ్డమ్మ అనే. సంచిలో బైబిలు లేకుండా గడప దాటదు. కృపావతి చిన్నప్పుడు నిద్ర లేచేసరికి చెవిన పడేది ఆ తల్లి బైబిలు చదివే గొంతే. ఆ గొంతు వినే తను చదువుకోవాలనుకుంది, టీచరు ట్రైనింగ్ దాకా పోయింది. ఆ మాట ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం పిల్లలు తిండికి లేచినప్పుడు గిడ్డమ్మ వెల్లుల్లికారం కలిపిన అన్నం ముద్దలు చేసి కూతురికి పెడుతూ, గొంతు తగ్గించి అంది.

"ఏమ్మే కృపా, ఆ పిల్లకు చదువు రాదు."

కృపావతికి కోపం నెత్తికెక్కింది. అమ్మ కూడా చుట్టాల్లో కలిసిపోయిందనుకుంది. నీకెట్లా తెలుసని గట్టిగానే అడిగింది.

"నాకు తెలీకుంటే ఇంగెవురికి తెలుస్తాది. నేనూ అట్లే కదా చదివేది."

కృపావతి తల్లి మొహంలోకి చూసింది. గిడ్డమ్మ ముద్ద చేస్తూనే, అందులో పెద్ద వింతేం లేనట్టు చెప్పింది. చదివేవాళ్ళ కండ్లు కదులుతాయంట, రూతు కండ్లు ఒకచోటనే నిలబడతాయంట. చదివేవాళ్ళు పేజీ అయిపోతే తిప్పుతారు, ఈ పిల్ల ఊపిరి అయిపోతే తిప్పుతుందంట. తనకు వచ్చినవన్నీ చెవిన పడి వచ్చినవే గానీ ఒక్క అక్షరం తెలీదంది. నీకెప్పుడూ అనుమానం రాలేదు గదా అని కూతురి మూతి తుడిచింది.

ఆ సాయంత్రం కృపావతి రూతును మంచం దగ్గరికి పిలిచి, బాగా తెలిసిన కీర్తన ఒకటి తీసి చదవమంది. పిల్ల చదవసాగింది. మధ్యలో తల్లి నెమ్మదిగా చెయ్యి చాచి నాలుగు పేజీలు తిప్పేసింది. పిల్ల ఆగలేదు. కీర్తన చివరిదాకా ఒక్క మాట పోకుండా చదివి, ఆమెన్ అని తలెత్తింది. అ ఆలు చెప్పమంటే పాటలాగా పాడింది. ఇందులో 'మ' ఏదో చూపమంటే, వేలు పేజీ మీదికి వచ్చి ఎటు పోవాలో తెలియక గాలిలోనే ఆగిపోయింది. వాక్యాలు చూసి రాసిన చేతిరాత మాత్రం ముత్యాలే. ముగ్గు వేసినట్టు చూసి వేసింది అంతే. గాబ్రియేలును అడిగితే వాడి తప్పూ లేదు. తన లెక్కలు చేసుకుంటూ చెల్లెలు చదివేది చెవితో వినేవాడు, మాట తప్పు పోకపోతే చదివినట్టే కదా. కృపావతి కూడా ఇన్నేళ్ళూ గోడ ఇవతల నుంచి చేసింది అదే.

అప్పటినుంచి ఆమెకు నిలకడ లేదు. ఐదోవాణ్ణి పిలిచి అక్షరాలు అడిగింది, ఆరోదాన్ని పిలిచి అడిగింది. షారోను ఎప్పుడో సరదాకు చెప్పబట్టి వాళ్ళకు కాస్త వచ్చాయి. ఇన్నేళ్ళలో రూతును తను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్క అక్షరమైనా దిద్దించిందా అని వెనక్కి వెతుక్కుంది. రూతు పలక పట్టే వయసులో ఐదోవాడు పొత్తిళ్ళలో ఉన్నాడు. తర్వాత ఆరోది. ఇప్పుడు వీడు. వెతికినకొద్దీ పసిబిడ్డలే తగిలారు గానీ రూతు తగల్లేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చింది.

భర్త ఫ్యాక్టరీ నుంచి వచ్చాక చెప్పేసింది. వసంతకుమార్ రాతిపొడి కడుక్కోకుండానే అరుగు మీద కూర్చుండిపోయాడు. అబద్ధాలాడే మనిషి కాదు. కానీ చూపు బాగైందని సంఘమంతా చప్పట్లు కొట్టి ఇంకా వారం కాలేదు. చివరికి, ఈ ఆదివారం గడిచిపోనీ కృపా, సోమవారం నుంచి మొదటి నుంచీ నేర్పుదాం అన్నాడు. పిల్ల పరువు కూడా ఆలోచించాలి కదా అన్నాడు. ఆ మాట కృపావతికి చల్లగా తగిలింది. తనకు కావలసిన మాట కూడా అదే మరి.

అందుకని మర్నాడు రూతును పక్కన కూర్చోబెట్టుకుని యిర్మీయా అధ్యాయం పైకి చదవసాగింది. తను ఒక వాక్యం, పిల్ల ఒక వాక్యం. ఎంత బుర్ర అది! పసివాడు రెండోసారి పాలకు లేచేలోపే అధ్యాయం మొత్తం పిల్ల నోట్లో ఉంది. కృపావతికి బరువు దిగినట్టయింది. గడప దగ్గర పసివాడి గుడ్డలు మడతపెడుతున్న గిడ్డమ్మ ఇంకాగలేక కూతురితో అంది.

"మా అత్త నాకు ఇట్లే ఒక్కొక్క కీర్తన నోట్లో పోసింది పాపా. సంఘంలో నవ్వుతారు, పుస్తకం ఊరికే పట్టుకో అనింది. పట్టుకున్యా. ఇప్పుడూ పట్టుకోనే ఉండా."

రూతు అవ్వ వైపు చాలాసేపు చూసింది.

ఆదివారం హాలు నిండింది. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి కొడుతున్నాయి. కృపావతి తలకు గుడ్డ కట్టుకుని, పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పాటలయ్యాయి. వసంతకుమార్ కూతురి పేరు పిలిచాడు. గౌను సవరించుకుని రూతు ముందుకు పోయింది. పెద్ద బైబిలు రెండు చేతులా పట్టుకుని, ఎక్కడో ఒకచోట తెరిచింది. యిర్మీయా దగ్గర కాదు, ఎక్కడో మొదట్లో. వెనక వరసల్లో ముసలివాళ్ళు అప్పుడే కళ్ళు మూసుకున్నారు.

పిల్ల నోరు తెరిచే లోపల కృపావతి లేచి నిలబడింది. పసివాణ్ణి భుజానికెత్తుకుంది. భర్త మొహం వైపు చూస్తే మాట పెగలదని తెలిసి, చూడలేదు.

"ఆగు రూతూ," అంది. తర్వాత జనం వైపు తిరిగింది. "ఈ బిడ్డకు చదవడం రాదు. వినింది అప్పజెప్తాది అంతే. కండ్లకు ఎప్పుడూ ఏం కాలేదు. తప్పు బిడ్డది గాదు, దాని అన్నదీ గాదు. నా బిడ్డకు నేను నేర్పలేదు."

వసంతకుమార్ మొహం నల్లబడింది. కాసేపటికి కూతురి దగ్గరికి వచ్చి, దాని చేతిలోని బైబిలు అందుకుని, యిర్మీయా తీసి తనే చదివాడు. మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. పసివాడికి నెహెమ్యా అని పేరు పెట్టాడు. కూడిక అయ్యాక భోజనాల దగ్గర కొందరు కృపావతిని పలకరించారు, కొందరు పలకరించకుండా ఆకులు ఎత్తేసి వెళ్ళిపోయారు. భర్త మాత్రం ఆటో మాట్లాడి ఆమెనూ గిడ్డమ్మనూ రూతునూ ఎక్కించి, మిగతా పిల్లలతో హాలు సర్ది వస్తానన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక ఏమంటాడో ఆమెకు తెలియదు.

రైలు గేటు దగ్గర ఆటో ఆగింది. గూడ్సు బండి ఎంతకీ తెగడం లేదు. చంటివాడు ఏడుపు అందుకున్నాడు. కృపావతికి నలుగురిలో బిడ్డ పరువు తీశానేమోనని లోపల పీకుతోంది. రూతు వైపు చూడ్డానికే భయమేసింది. ఆ పిల్లే మెల్లిగా తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, అట్లయితే ఇంగ నాకు నువ్వే చెప్తావా?"

దాని గొంతులో సిగ్గు లేదు. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది ఇప్పటికి అడిగే వీలు చిక్కిన గొంతు అది. అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకునే వంతు కోసమే కదా ఈ పిల్ల కాచుకుని ఉన్నది, వాక్యం చదివే వంతు కోసం కాదు.

చంటివాడు ఇంకా ఏడుస్తున్నాడు. కృపావతి వాణ్ణి తీసి గిడ్డమ్మ చేతుల్లో పెట్టింది. రూతును దగ్గరికి లాక్కుంది. గేటు పక్క గోడ మీద సిమెంటు కంపెనీ వాళ్ళు మనిషెత్తు అక్షరాలు రాయించి ఉన్నారు. మొదటి అక్షరం వైపు వేలు చూపించి, ఇది 'మ', బాగా చూడు అంది. రూతు చూసింది. ఈసారి దాని కళ్ళు కదిలాయి. పక్కన గిడ్డమ్మ చంటివాణ్ణి భుజాన వేసి తడుతూ, తనూ తల వంచి ఆ గోడ వైపే చూస్తూ కూర్చుంది.