చెప్పుల వరుసలో ఫోన్లు

మూడో దెబ్బకు ఇక్బాల్ ముందరి పన్ను ఊడి కాంటా రేకు మీద పడింది.

"నా నలభై ఆరో నంబర్ ఎవనికమ్ముకున్నవ్‌రా?" రైతు భూమన్న ఇక్బాల్ మెడలోని తువ్వాలును మెలిపెట్టాడు. "నా ఫోన్ల ఇంకా నలభై ఒకటే ఉన్నది!"

కోరుట్లలోని ఆ మక్కల కాంటా దగ్గర మొక్కజొన్న తూకం ఇక్బాల్‌ది, కంప్యూటర్ ఆయన బిడ్డ ఇరమ్‌ది. ఇంటర్ సగంలో ఆగిపోయినా, ఫోన్లో చూసి నేర్చుకుని రైతులకు వరుస నంబర్ల పేజీ తయారుచేసింది. నోరు విప్పదు కానీ అన్నీ గమనిస్తుంది. మూడు రోజులుగా ఎవరూ ఫోన్ ముట్టుకోకపోవడం చూసింది. ఎరువుల లైన్లో చెప్పులు పెట్టి నీడకు పోయే అలవాటు వాళ్లది. పొద్దున పేజీ తెరిచి, దాన్నీ అలాగే వదిలేశారు. చెప్పులు జరిపితే వంతు పోయినట్టు, ముట్టుకుంటే నంబరు పోతుందని వాళ్ల భయం. వేలితో కిందికి లాగితే తప్ప ఆ పేజీ సర్వర్‌ను కొత్త నంబరు అడగదు. సర్వర్‌లో యాభై ఎనిమిది నడుస్తుంటే ఫోన్లు నలభై ఒకటి దగ్గరే ఆగిపోయాయి.

అందుకే ఇరమ్ కొత్త పేజీ రాసి పెట్టుకుంది. అందులో ఫోనుకూ సర్వర్‌కూ మధ్య దారి తెరిచే ఉంటుంది, నంబరు మారగానే ఎవరూ అడగకుండా సర్వరే ఫోన్లకు చెబుతుంది. కాంటా యజమాని సేటు "సీజన్ అయినంక చూద్దాం" అన్నాడు. ఇప్పుడు ఆయన్ను అడగకుండానే దాన్ని సర్వర్‌లోకి ఎక్కించేసింది.

ఒక్క ఫోనూ మారలేదు. తెరిచి ఉన్నవన్నీ పాత పేజీలే, వాటికి ఈ దారి తెలియదు. ఒక్కసారైనా లాగాలి.

బయట వెనకున్న రైతు చేతిలోని పార కర్ర లేచి ఇక్బాల్ పక్కటెముకల మీద పడింది.

ఇరమ్ పరుగెత్తింది. "కాకా, పేజీ ఒక్కపారి కిందికి గుంజున్రి!" ఆ గొంతు ఆమెకే కొత్త.

"గుంజితె ఉన్న నంబర్ గూడ పోతది! తండ్రి దొంగ, బిడ్డ టక్కరి!"

ఇరమ్ భూమన్న మణికట్టు కొరికి ఫోన్ లాక్కుంది. లాగింది. యాభై ఎనిమిది. దాన్ని ఆయన కళ్ల ముందు పట్టుకుని, తన ఫోన్లో తర్వాతి నంబరు నొక్కింది. ఎవరూ ముట్టుకోకుండానే ఆయన తెర మీద యాభై తొమ్మిది వచ్చింది.

"నీ నంబర్ రెండుసార్లు పిలిచిండు మా అబ్బా. మైకు పాడైంది. నువ్వు చెట్టు కింద ఫోన్ చూసుకుంట కూసున్నవ్."

తువ్వాలు మీద భూమన్న పట్టు వదిలింది. వెనుక ఒక్కొక్కరే వేలు ఆనించి లాగుతున్నారు.

"మరి నా వంతు?" నెత్తురు కారే మణికట్టు పట్టుకుని భూమన్న గొణిగాడు.

"మళ్ల పిలుస్తం, ఫోనే చెప్తది." ఇరమ్ పన్ను ఏరి చున్నీ అంచున ముడేసింది. "ముందు మా అబ్బాను ఆటోల ఎక్కియ్యి. జగిత్యాల దవాఖానకు పోవాలె."