మాట్లాడని లెక్కల అయ్యవారు

పోయిన వారం మా మనవరాలు నాకొక కొత్త ఫోను తెచ్చి చేతికిచ్చి, ఇకమీదట అక్షరాలు వెతుక్కుంటూ నొక్కాల్సిన పని లేదనీ, నోటితో చెబితే అదే రాసుకుంటుందనీ, ముందు నీ పేరు చెప్పు జేజినాయనా అనీ నా ఎదుట కూర్చుంది. చెప్పాను. ఫోను ఏమీ రాయలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాను. మీ మాట సరిగా వినపడలేదని ఆ యంత్రం ఎంతో మర్యాదగా విన్నవించుకుంది. పిల్ల నవ్వాపుకోలేక, నీది గొంతా, గాలికి కొట్టుకునే తాటాకా అని వెక్కిరించి తన పని మీద తాను వెళ్ళిపోయింది. నేనూ నవ్వాను. ఇప్పుడు నన్నెరిగిన వాళ్ళు, జమ్మలమడుగులో తర్వాత్తర్వాత నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు కూడా, ఈ బొంగురు గొంతునే నా గొంతనుకుంటున్నారు. ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు.

మాది ముద్దనూరు. మా ఇల్లు రైలు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉండేది. నాన్న నా పసితనంలోనే పోయాడు. అమ్మ, రెండు కళ్ళలోనూ పువ్వులు పడి, ఎవరో చెప్పిన పసర్లు పోయించుకుని, ఉన్న కాస్త చూపూ పోగొట్టుకుంది. అప్పటికి నేను వీధిబడిలో ఎక్కాలు చెప్పించే పిల్లవాణ్ణి. నేను ముందు అరిస్తే మిగతావాళ్ళు వెనక అరవాలి. ఆ అరుపు విని అమ్మ అరుగు మీద కూర్చుని మురిసిపోతూ, రైలుకూతైనా సద్దుమణుగుతాది గానీ నా కొడుకు గొంతు సద్దుమణగదని పోయేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ చెప్పేదట. పెద్దవాణ్ణయ్యాక కూడా ఊరినుంచి వస్తే వీధి మొదట్లోనే ‘అమ్మా’ అని పిలవడం నాకు అలవాటు. నేను గడప చేరేసరికి ఆమె మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చి, చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉండేది. నాకు మీసాలు వచ్చిన సంగతి ఆమెకు తడిమితేగాని తెలియలేదు. నా ముఖం ఆమెకు చిన్నపిల్లవాడి ముఖంగానే ఆగిపోయింది. ఆమె దగ్గర పెరిగిందల్లా నా గొంతే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన తర్వాత, ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే మాట నోటికి అలవాటు పడుతున్న రోజుల్లో, జమ్మలమడుగు హైస్కూల్లో నాకు లెక్కల మాస్టరుగా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంటే టెంపరరీ. ఆ రోజుల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. వేసవి సెలవులకు ముందు మమ్మల్ని తీసేసేవాళ్ళు, బళ్ళు తెరిచాక దయ కలిగితే మళ్ళీ వేసేవాళ్ళు. జబ్బు చేసి నాలుగు రోజులు మంచం పట్టినా ఆ చోటులో ఇంకొకడు కూర్చునేవాడు. ఇంటి దగ్గర చూస్తే, మా అక్క భర్త పోయి పిల్లలతో పుట్టింటికి చేరింది. చేను వానను నమ్ముకున్నది, ఆ వానేమో మా వైపు రావడం మానుకుంది. నేను పంపింది అందితేనే ఆ ఇంట్లో సంగటి ఉడికేది.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలవి. పిల్లలు అణాల ఎక్కాలు నోటికి నేర్చుకుని ఉన్నారు, పుస్తకాల్లో సగం లెక్కలు అణాల్లోనే ఉన్నాయి, అన్నిటినీ తిరగేసి మళ్ళీ చెప్పాలి. సరిగ్గా అప్పుడే నాతోపాటి లెక్కల మాస్టరును పులివెందులకు బదిలీ చేసి, ఆయన చోటులో ఎవరినీ వేయలేదు. ఆయన తరగతులూ నా నెత్తిన పడ్డాయి. మేము చెప్పేది రేకుల షెడ్డులో. ఒక తరగతికీ ఇంకో తరగతికీ మధ్య గోడ లేదు. పక్కన తెలుగు అయ్యవారు పద్యమెత్తుకుంటే నేను దాన్ని మించి త్రిభుజాన్ని ఎత్తుకోవాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అరవడమే.

మొదట గొంతు గరగరలాడింది. దవడకు కరక్కాయ పెట్టుకుని కాలం గడిపాను. మిరియాల పాలు తాగాను, అతిమధురం నమిలాను. ఒకనాడు హాజరు పిలుస్తుండగా సగంలో మాట ఆగిపోయింది. పెదవులు ఆడుతున్నాయి, శబ్దం లేదు. ఊళ్ళో ఆస్పత్రిలో డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, గొంతులో తీగల మీద కాయలు కాచాయనీ, రెండు నెలలు గుసగుసగా కూడా మాట్లాడకూడదనీ, ఓర్చుకుంటే కరిగిపోతాయనీ, ఈలోగా గట్టిగా అరిస్తే ఇక ఆ గొంతు మీద ఆశ వదులుకోవాల్సిందేననీ చెప్పింది. లెక్కల మాస్టరుకు ఆ మాట చెప్పడం ఎద్దుకు కాలు విరిగిందని చెప్పడమే. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపుకు కూడా చప్పుడు రాలేదు.

మా హెడ్మాస్టరు గుంటూరు వైపు మనిషి. సంగతంతా నేను పలక మీద రాసి చూపిస్తే చదివి, రాయలసీమలో మెల్లగా మాట్లాడేవాడు ఒక్కడైనా ఉంటాడా అని వెతుకుతున్నాను, ఇన్నాళ్ళకు దొరికావయ్యా అన్నాడు. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి, సెలవు అడిగితే ఉద్యోగం పోతుందనీ, ఈ సంగతి ఇద్దరి మధ్యే ఉంచి ఎలాగోలా నెట్టుకురమ్మనీ చెప్పాడు. ఆయన పుణ్యాన మాట లేకుండా లెక్కలు చెప్పడం మొదలైంది. నేను బోర్డు మీద బొమ్మ గీసేవాణ్ణి. పిల్లలు ఒక్కొక్కరుగా లేచి తర్వాతి మెట్టు చెప్పాలి. తప్పు చెబితే స్కేలుతో బల్ల మీద కొట్టేవాణ్ణి, సరైతే బోర్డు మీద రాసేవాణ్ణి. మొదట్లో నవ్వారు. తర్వాత, నేను నోరు తెరవనని తెలిసిపోయాక, వాళ్ళకు వేరే దిక్కులేక ఆలోచించడం మొదలుపెట్టారు.

అమ్మకు మాత్రం అక్క చేత చెప్పించాను. అది కూడా నేను రాసిన జాబును ఊళ్ళో ఒకరు చదివి వినిపిస్తేనే. ఆదివారం ముద్దనూరుకు పోయి ఆమె పక్కన మంచం మీద కూర్చునేవాణ్ణి. ఆమె ఉప్పు కాపడం పెడుతూ నా గొంతు నిమిరి, “మాట్లాడొద్దులే నాయనా. బాగైనాక ఒకతూరి వీధి మొదట్నుంచి పిలువు. అంతవరకు ఓర్చుకుంటాలే” అనేది. అక్కకు చదువు రాదు, అమ్మకు చూపు లేదు. పలక చేతిలో ఉండీ ఆ ఇంట్లో నా మనసులోది చెప్పుకునే దారి లేకపోయింది.

నెల దాటాక జిల్లా నుంచి ఇన్స్పెక్షనుకు పెద్దాఫీసరు వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని పాఠం చెప్పమన్నాడు. వృత్తం గీశాను. ఒకే ఖండంలో రెండు కోణాలు గీసి, సుద్దముక్కను వాటివైపు చూపించి నిలబడ్డాను. ముందు వరుసలో చేనేతవాళ్ళ అబ్బాయి లేచి, “సార్, ఆ కోణమూ ఈ కోణమూ ఒకటే. ఏంటికంటే రెండిటికీ అడుగున ఉండే చాపం ఒకటే కదా” అన్నాడు. ఇంకొకడు కాదన్నాడు. మరొకడు వచ్చి కేంద్రానికి గీత గీసి కాదన్నవాడి నోరు మూయించాడు. గంట కొట్టేదాకా నేను పెదవి విప్పలేదు, ఎవరూ విప్పమనలేదు. ఆఫీసరు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, అయ్యవారు నోరు మూసుకుంటే పిల్లవాడు నోరు తెరుస్తాడని విదేశాల్లో ఇప్పుడిప్పుడే చెబుతున్నారనీ, ఈ మూలన ఒక కుర్రవాడు దాన్ని చేసి చూపిస్తాడని తాననుకోలేదనీ పొగిడాడు. గండం గడిచిందని నేను దండం పెట్టాను.

గండం గడవలేదు. పది రోజుల్లో ప్రొద్దుటూరులో జిల్లా లెక్కల మాస్టర్లందరి సమావేశముందనీ, ఈ పద్ధతి గురించి నేను అక్కడ గంటసేపు మాట్లాడాలనీ, నా ఉద్యోగం పర్మనెంటు చేసే విషయం ఆ తర్వాత తాను చూసుకుంటాననీ చెప్పి ఆయన కారెక్కాడు. కుర్రవాడికి గొంతు కాస్త బాగాలేదని హెడ్మాస్టరు నసిగితే, జలుబు పది రోజులుంటుందా అని నవ్వాడట. అసలు సంగతి చెబితే డాక్టరు కాగితం అడుగుతారు, గొంతు లేనివాడు మాస్టరు పనికి పనికిరాడని రాస్తారు. మాట్లాడకపోతే ఉద్యోగం పోతుంది, మాట్లాడితే గొంతు పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ పది రోజుల్లో నాకు తెలిసింది. ఇంకెవరినైనా పంపించవచ్చు కదా అని ఎంతమంది దేవుళ్ళను వేడుకున్నానో లెక్క లేదు. పెన్న ఇసుకలో కూర్చుని, ఒక్కసారి మాట్లాడి చూద్దామా అని నోరు తెరిచి, ఉన్నది కూడా పోతుందేమోనన్న భయంతో మూసుకుని వచ్చేవాణ్ణి.

సమావేశానికి ముందు ఆదివారం అమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఎప్పటిలాగే కాపడం పెట్టింది. డాక్టరమ్మ చెప్పిన గడువు ఇంకెంతో లేదని అక్క చేత వేళ్ళు లెక్కపెట్టించుకుని సంతోషపడింది. బయలుదేరుతుంటే అక్క పిల్లలకు పెట్టడానికి గింజలు నిండుకున్నాయని నా చెవిలో చెప్పింది. ఆ మాటతో నా తర్జనభర్జన తీరిపోయింది.

ప్రొద్దుటూరులో ఒక బడి హాలులో, ఎండకు ఉడికిపోతూ, ఖద్దరు చొక్కాల మాస్టర్లు కిక్కిరిసి కూర్చున్నారు. మైకు లేదు. లేచి నిలబడి నోరు తెరిచాను. గొంతు వచ్చింది. జీర కూడా లేకుండా, వీధిబడి రోజుల్లో వచ్చినట్టు, ఖంగుమని వచ్చింది. మౌనంగా ఉండి పాఠం చెప్పడం ఎలాగో ఆ రోజు నేను అరిచి అరిచి చెప్పాను. నాకే నవ్వొచ్చింది, నాకే గర్వమూ కలిగింది. అందరూ చివరి వరుస దాకా వినపడుతోందని తలలూపుతున్నారు. ముగింపుకు వచ్చేసరికి లోపల గుడ్డ చిరిగినట్టయింది, నోట్లో ఉప్పగా తగిలింది. మింగేసి ముగించాను. చప్పట్లు కొట్టారు. పులివెందుల నుంచి వచ్చిన నా పాత సహోద్యోగి వచ్చి కావిలించుకుని, “ఏందప్పా, శానా బాగా మాట్లాడినావే. ఈ గొంతు ఇన్నాళ్ళు యాడ దాచిపెట్టినావు?” అన్నాడు. జవాబు చెప్పబోయాను. రాలేదు.

ఉద్యోగం ఖాయమైంది. నెలల తరబడి నోట మాట లేదు. ఆ తర్వాత వచ్చింది ఇదిగో, ఈ గొంతు. అప్పటికి సెలవు పెట్టుకునే హక్కు నాకుంది, దాంతో బాగయ్యేదేమీ మిగల్లేదు. ఒకనాటి సాయంత్రం ముద్దనూరులో దిగి, అమ్మ అడిగినట్టే వీధి మొదట నిలబడి, ఉన్న బలమంతా తెచ్చుకుని అమ్మా అని పిలిచాను. ఆమె అరుగు మీదే ఉంది. కదల్లేదు. దగ్గరికి పోయి మళ్ళీ పిలిచాను. ఆమె ముఖం లోపలికి తిప్పి, “పాపా, ఎవరో వచ్చినారు సూడు. మనోడు యామన్నా సెప్పి పంపించినాడేమో” అని అక్కను కేకేసింది.

చెయ్యి పట్టుకున్నాక తెలుసుకుంది. ఏడ్చింది. ఆ తర్వాత ఆమె ఎన్నో ఏళ్ళు బతికింది, నేను తెచ్చిపెట్టింది తిన్నది, నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ నేను పలకరించినప్పుడల్లా ముందు చెయ్యి చాపి నన్ను తడిమి చూసుకునేది, ఆ తర్వాతే బదులు చెప్పేది. చివరి రోజుల్లో చెయ్యి చాపే శక్తి కూడా లేనప్పుడు, నేను పక్కనే ఉండి పిలుస్తుంటే, నా కొడుకు ఇంకా రాలేదా అని అడుగుతూనే పోయింది.

ఇప్పుడు కళ్ళలో పువ్వుకు ప్రొద్దుటూరులోనే వైద్యముంది. మాస్టర్లకు చొక్కా అంచుకు తగిలించుకునే మైకులున్నాయి, జబ్బు చేస్తే సెలవులున్నాయి, వేసవికి తీసేసేవాళ్ళు లేరు. ఈ తరం వాళ్ళకు ఇవన్నీ ఉండాలి, ఉన్నందుకు నాకు సంతోషమే. నాకున్న దిగులు వేరే. ఆ రోజుల మౌనంతో నా గొంతు బాగుపడిందని, ప్రొద్దుటూరులో నోరు తెరిచేదాకా నాకే తెలియలేదు. అంటే ఆ ముందు ఆదివారం అమ్మ పక్కన కూర్చుని ఉన్నప్పుడు అది నా దగ్గరే ఉంది. భయపడి దాచుకున్నాను, ముక్కూ ముఖం తెలియని మాస్టర్లకు మొత్తం ఖర్చుపెట్టేశాను. బస్సెక్కే ముందు ఒక్కసారి అమ్మా అని పిలిచి ఉంటే, ఆమెకు చివరిదాకా దాచుకోవడానికి అదైనా ఉండేది.